పెద్ద పాస్‌వర్డు

"మామయ్యా, ఒకసారి!"

పొద్దుటి నుంచి ఆ పిలుపు ఎన్నోసారో లెక్కపెట్టడం అల్లుడు ఎప్పుడో మానేశాడు. ముందు గదిలో కౌంటరు దగ్గర ఎవరికో బిల్లు రాస్తున్న మామగారు "ఆ, వస్తున్నా" అని కేకేసి, కలానికి మూత పెట్టి, జేబుకి తగిలించుకుని, కుర్చీ వెనక్కి జరిపి లేచారు. ఆయన నడకలో తొందర ఎప్పుడూ ఉండదు. తనతో పని పడ్డవాళ్ళ దగ్గరికి వచ్చేటప్పుడు అసలే ఉండదు.

వెనక గదంతా కళ్ళజోళ్ళ లెన్సులు. నేల నుంచి కప్పుదాకా సొరుగులు, సొరుగుల నిండా నిలువుగా పేర్చిన కాగితపు కవర్లు, కవరుకొక లెన్సు. కవరు మీద పవరు అంకె, దాని కింద బార్‌కోడు గీతలు. ఊళ్ళో ఉన్న సగం కళ్ళజోళ్ళ షాపులకి సరుకు ఇక్కణ్ణుంచే వెళ్తుంది. లెక్క తీయడానికి ఇటుకంత బరువున్న చేతిఫోను ఒకటుంది. దాని ముక్కు గీతలకి చూపించి పక్కనున్న మీట నొక్కితే కీచుమంటుంది, లెక్క వేసుకుంటుంది. పాత ఫోను, కడుపు చిన్నది. నాలుగు సొరుగులు కాగానే నిండిపోతుంది. అప్పుడు దాన్ని వైరుతో కంప్యూటరుకి తగిలించి లెక్క దింపుకోవాలి. గాల్లోంచి పంపే ఏర్పాటు ఫోనులో లేకపోలేదు, కానీ సరుకు లెక్క గాల్లో తిరగకూడదని మామగారి సిద్ధాంతం.

వైరు తగిలిస్తే కంప్యూటరు ఫోనుని చూస్తుంది. వచ్చిందని ఒప్పుకుంటుంది, దాని తయారీ నెంబరు కూడా చెబుతుంది. లోపలికి మాత్రం రానివ్వదు. అనుమతులు లేవని ఇంగ్లీషులో ఒక ముక్క పడేసి ఊరుకుంటుంది. అందులో ఉన్నది అందరూ వాడే విండోస్ కాదు, లినక్సు. ఎవరికి ఏ తలుపు తియ్యాలో అది మహా పట్టింపుగా చూసుకుంటుంది. ఆ తలుపు తెరిపించే పెద్ద పాస్‌వర్డు ఈ భూమ్మీద ఒక్కరికే తెలుసు.

మామగారు వచ్చారు. అల్లుడు కుర్చీలోంచి లేచాడు. ఆయన కూర్చున్నారు. అల్లుడు గోడవైపు తిరిగాడు. కిటికీ పక్కన లెన్సుల అంచులు సానపట్టే మేస్త్రీ చక్రం ఆపి తనూ అటు తిరిగాడు. అతనికి కంప్యూటరు అంటే ఏమిటో తెలియదు, అయినా తిరగాలి. మామగారు ఎడమచేతిని కీబోర్డు మీద గొడుగులా పట్టి, కుడిచేతి చూపుడు వేలితో ఒక్కొక్క అక్షరం పొడిచారు.

గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోట కుందేలు బొమ్మలాంటి మచ్చ ఉంది. ఏడాదిన్నరగా ఆ కుందేలు చెవి ఎంత పెరిగిందో అల్లుడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"ఊఁ, కానీ."

లెక్క దిగింది. అల్లుడు వైరు పీకి, ఫోను పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. వైరు పీకిన క్షణంలోనే ఆ అనుమతీ పోయింది. మళ్ళీ తగిలిస్తే మళ్ళీ మామగారు రావాలి. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

"మామయ్యా, ఆ పాస్‌వర్డు నాకు చెబితే మీకీ తిరుగుడు తప్పుతుంది కదా," అని ఒకసారి నవ్వుతూనే అడిగాడు.

"బీరువా తాళం లాంటిది బాబూ అది," అన్నారాయన, తనూ నవ్వుతూనే. "నీ మీద నమ్మకం లేక కాదు. తాళం ఒకళ్ళ దగ్గరుంటేనే తాళం."

ఇదంతా ఎలాగో సర్దుకుపోయేవాడే, కొత్త షాపు సంగతి రాకపోతే. ఊరికి ఆ చివర, పెద్ద కంటాసుపత్రి ఎదురుగా ఒక షాపు ఖాళీ అయింది. పైన రెండు గదులు, వాటికి వేరే మెట్లు. అక్కడ రెండో షాపు పెట్టి కూతుర్నీ అల్లుణ్ణీ అందులో ఉంచుదామని మామగారే ముందు అన్నారు. అని, వెంటనే ఒక మెలిక పెట్టారు. "ఈ ఫోను నేను లేకుండా పనిచెయ్యాలి. అక్కడ కూర్చుని నువ్వు 'మామయ్యా ఒకసారి' అంటే నేను రెండు బస్సులు మారి రాలేను కదా. అది తేలాక వెళ్దురుగాని."

తేల్చాలంటే పెద్ద పాస్‌వర్డు కావాలి. పెద్ద పాస్‌వర్డు ఇవ్వరు. పోకచెక్క అడకత్తెరలో ఎలా ఉంటుందో అల్లుడికి ఎవరూ వర్ణించి చెప్పక్కర్లేదు. షాపు యజమాని శనివారం సాయంత్రం దాకా ఆగుతానన్నాడు. ఇవాళ మంగళవారం.

ఇల్లు షాపు పైనే. సాయంత్రం భోజనాల ముందు, భార్య మంచం మీద ఉతికిన బట్టలు మడత పెడుతుంటే అల్లుడు కిందనే కూర్చుని సొంత ఫోనులో ఏవో వెతుకుతున్నాడు. గది తలుపుకి గడియ లేదు. పెళ్ళయిన కొత్తలో ఊడిపోయింది. "ఈ పూటకి తాడు కట్టుకోండి, రేపు వడ్రంగిని పిలుస్తాను," అన్నారు మామగారు. ఆ తాడు నలుపెక్కి, పీచులేచి, మధ్యలో ఒకసారి తెగితే ముడి కూడా వేయించుకుంది. వడ్రంగి ఇంకా రాలేదు.

"ఏమంటున్నారు లోకంలో పెద్దలు?" అంది భార్య.

"నాలాంటి వాళ్ళు బోలెడుమంది ఉన్నారు. అందరికీ ఇదే జబ్బు. అందరికీ ఒకటే మందు చెబుతున్నారు. కంప్యూటరులో ఒక గుంపు ఉంటుందిట. వైర్లతో వచ్చిన పరికరాల్ని ముట్టుకోవడానికి హక్కున్న వాళ్ళ గుంపు. అందులో నా పేరు చేర్చాలి."

"చేర్చండి మరి."

"చేర్చాలంటే పెద్ద పాస్‌వర్డు కొట్టాలి."

ఆమె పకపకా నవ్వింది. నవ్వి, అతని మొహం చూసి ఆపేసింది. "ఆ కంప్యూటరు పెట్టిన మెకానిక్కుని అడగకపోయారా?"

"అతను దేశం వదిలి వెళ్ళాడు. నెంబరు మీ నాన్న దగ్గరుంది. ఎప్పుడడిగినా వాడు దొరకడు బాబూ అంటారు."

అప్పుడే తలుపు కిర్రుమంది. తాడు ముడి వేసి లేదు. మామగారు తల లోపల పెట్టి, "బాబూ, రేపటికి ప్లస్సు పవర్ల సొరుగులు అయిపోతాయా?" అని అడిగారు. అవుతాయన్నాడు. ఆయన వెళ్ళిపోయారు. భార్య చేతిలో సగం మడిచిన చీర అలాగే ఉండిపోయింది.

"నాకా మెట్లు కావాలండీ," అంది కాసేపటికి, గొంతు తగ్గించి. "పైకెళ్ళడానికి వేరే మెట్లు. ఒక తలుపు, దానికో గడియ. ఇంకేమీ అక్కర్లేదు. నాన్న చెడ్డవాడు కాదు, నాకు తెలుసు. కానీ నాకు ఊపిరాడటం లేదు."

అతనికీ ఆడటం లేదు. కాకపోతే మామగారింట్లో ఉండే అల్లుడు ఆ మాట పైకి అంటే వినేవాళ్ళకి వేరేగా వినిపిస్తుంది. అందుకని గట్టిగా తల ఊపాడు.

బుధవారమంతా ప్లస్సు పవర్లతోనే గడిచింది. నిచ్చెన ఎక్కడం, కీచుకీచుమనిపించడం, దిగడం, పిలవడం, కుందేలుని చూడడం. మధ్యాహ్నం ఒకసారి మామగారు కౌంటరు దగ్గర కొనేవాళ్ళతో బేరంలో ఉండి చాలాసేపు రాలేదు. అల్లుడు వైరు తగిలించిన ఫోనుని ఒళ్ళో పెట్టుకుని, పట్టాలు దాటడానికి గేటు ఎప్పుడు తీస్తారా అని చూసే బండివాడిలా కూర్చున్నాడు.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలిగా బాబూ," అన్నాడు మేస్త్రీ చక్రం మీంచి తల ఎత్తకుండా.

"దేవుడు ఇచ్చాడని మాత్రం గ్యారంటీ ఏముంది మేస్త్రీ?"

ఆ మాట ఊరికే అన్నాడు. అన్నాక అదే మెదడులో తిరగడం మొదలెట్టింది. అసలు మెకానిక్కు ఏం చేసి వెళ్ళాడు, ఏం చెయ్యకుండా వెళ్ళాడు? మార్చడానికి పెద్ద పాస్‌వర్డు కావాలి గానీ చూడడానికి అక్కర్లేదు కదా.

గురువారం పొద్దున్నే మామగారు బ్యాంకుకి వెళ్ళినప్పుడు అతను కంప్యూటరుకి ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీ తెరిచి ఒక్కొక్కటీ చూశాడు. పరికరాలకి తలుపులు తీసే నియమాలు రాసి ఉంచే చోటు ఒకటుందని చదివాడు. అక్కడికి వెళ్తే ఒక నియమం రాసే ఉంది. ఈ తయారీ నెంబరున్న ఫోను వస్తే ఫలానా గుంపు వాళ్ళకి తలుపు తియ్యమని. నెంబరు పోల్చుకున్నాడు. అక్షరం పొల్లుపోకుండా ఇదే ఫోను. మెకానిక్కు మంచివాడే. అయితే తను ఆ గుంపులో లేడన్నమాట.

నేను ఏ గుంపుల్లో ఉన్నాను, అని కంప్యూటరుని అడిగాడు. నాలుగు పేర్లు చెప్పింది. కావలసింది అందులో లేదు. అనుకున్నదే. కిటికీ మూసేయబోయి, ఎందుకో అదే ప్రశ్న తన లాగిన్ పేరు పెట్టి అడిగాడు. ఫలానావాడు ఏ గుంపుల్లో ఉన్నాడు?

ఐదు పేర్లు చెప్పింది. ఐదోది అదే.

కళ్ళు నులుముకున్నాడు. మళ్ళీ పేరు లేకుండా అడిగాడు, నాలుగు. పేరు పెట్టి అడిగాడు, ఐదు. ఒకే కంప్యూటరు, ఒకే మనిషి గురించి, రెండు జవాబులు. కుర్చీలో కూర్చున్నవాడికి హక్కు లేదు. అతని పేరుకి ఉంది.

సొంత ఫోను తీసి, ఈ వింతకి అర్థమేమిటని వెతికాడు. ఎక్కడో ఎవరో ఎవరికో చెప్పిన సమాధానం కింద ఒక్క వాక్యం దొరికింది. గుంపులో చేర్చాక ఒకసారి లాగౌట్ చేసి మళ్ళీ లాగిన్ కావాలి, అప్పటికే లోపలున్నవాడికి కొత్త హక్కు అంటదు.

అల్లుడు ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాడు.

ఆ కంప్యూటరు పెట్టిన రోజు నుంచీ దాన్ని ఎవరూ ఆపలేదు, లాగౌట్ చేసి ఎవరూ అందులోంచి బయటికి రాలేదు. పాత కంప్యూటరుని ఒక సాయంత్రం ఆపితే మర్నాడు లేవలేదు, మూడేళ్ళ లెక్క దాంతోపాటే పోయింది. అప్పటి నుంచి మామగారి శాసనం: కంప్యూటరు ఆపడానికి వీల్లేదు. కరెంటు పోతే ఆదుకోవడానికి రెండు బ్యాటరీలు కూడా పెట్టించారు. వచ్చేవాళ్ళకి గర్వంగా చెప్పేవారు, "కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా కన్ను మూయలేదండీ ఇది" అని. ఏడాదిన్నర క్రితం మెకానిక్కు తనని ఆ కుర్చీలో కూర్చోబెట్టి లాగిన్ చేయించాడు. తర్వాత గుంపులో చేర్చాడు. తను ఇంకా ఆ మొదటి రోజు లోపలే ఉన్నాడు. బిడ్డని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే.

పైకి పరిగెత్తి భార్యకి చెప్పాడు. ఆమె పోపు గరిట పట్టుకునే విన్నది.

"అయితే బయటికొచ్చి మళ్ళీ వెళ్ళండి. దానికింత ఆయాసం దేనికి?"

"మీ నాన్న ఊరుకుంటారా?"

"కంప్యూటరు ఆపొద్దన్నారు. మీరు ఆపడం లేదుగా. మీరొక్కరు బయటికొస్తున్నారు." గరిట దించింది. "నాన్న భోజనం చేసి నడుం వాలుస్తారు. అప్పుడు కానివ్వండి."

మామగారు నడుం వాల్చారు. అల్లుడు కుర్చీలో కూర్చుని, తెరిచి ఉన్నవన్నీ దాచి, మూసి, లాగౌట్ మీద నొక్కాడు. తెర నల్లబడింది. మేస్త్రీ కూడా చక్రం ఆపి చూస్తున్నాడు. క్షణం తర్వాత తెర మళ్ళీ వెలిగింది. నీలం రంగు మధ్యలో అల్లుడి పేరు, పేరు కింద ఖాళీ గడి. చిన్న పాస్‌వర్డు కొట్టమంటోంది. అతని సొంత పాస్‌వర్డు.

అల్లుడు వేళ్ళు కీబోర్డు మీద పెట్టి ఆగిపోయాడు.

ఏడాదిన్నర క్రితం ఒక్కసారి కొట్టాడు. మళ్ళీ కొట్టాల్సిన అవసరమే రాలేదు. ఏం కొట్టాడు? భార్య పేరు కొట్టాడు. కాదంది. పెళ్ళి తేదీ కాదంది. తేదీని తిరగేసి కొట్టాడు. తన ఫోను నెంబరు, షాపు పేరు, షాపు పేరుకి ముందు పెద్దక్షరం. కాదు, కాదు, కాదు. ఇన్నాళ్ళూ లోపలి నుంచి బయటికి రాలేకపోయాడు. ఇప్పుడు బయటి నుంచి లోపలికి పోలేకపోతున్నాడు. సగం తీసిన సరుకు లెక్కంతా ఆ నీలం తెర వెనక ఉంది. కుడితిలో పడ్డ ఎలుకకి కూడా ఈదడానికి కాస్త కుడితి ఉంటుంది.

"పిలవమంటారా?" అన్నాడు మేస్త్రీ.

పిలవక్కర్లేకపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. మామగారు గుమ్మంలోకి వచ్చి, నిద్రమొహంతో తెర చూశారు. నీలం రంగు చూశారు, గడి చూశారు, అల్లుడి మొహం చూశారు. అరుస్తారనుకున్నాడు. అరవలేదు.

"బయటికి వచ్చావా?" అన్నారు.

ఆపేశావా అనలేదు. చెడగొట్టావా అనలేదు. బయటికి వచ్చావా అన్నారు.

"మీకు తెలుసా మామయ్యా?"

మామగారు కుర్చీ దగ్గరికి వచ్చారు. అల్లుడు అలవాటుగా లేచాడు. మేస్త్రీ అలవాటుగా గోడవైపు తిరిగాడు. అల్లుడు మాత్రం తిరగలేదు. మామగారు కూర్చుని, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, చూపుడు వేలితో నెమ్మదిగా పొడిచారు. అక్షరాలు మూడు, అంకెలు నాలుగు. తెర తెరుచుకుంది.

"మీ నాన్నగారి స్కూటరు నెంబరు. ఆ రోజు కొడుతూ పెదాలతో చదువుకున్నావు," అన్నారు. "నేను పక్కనే ఉన్నాను."

తను ఇన్నాళ్ళూ గోడకేసి తిరిగి నిలబడ్డాడు. తన పాస్‌వర్డు మాత్రం మొదటి రోజు నుంచీ ఆయన నోట్లో ఉంది. అల్లుడికి కోపం రావలసినంత వచ్చింది. వైరు అందుకుని ఫోనుకి తగిలించాడు. ఫోను తెర మీద ఒక ప్రశ్న వచ్చింది, ఈ కంప్యూటరుని నమ్మమంటారా అని. అవునని నొక్కాడు. లెక్క గలగలా దిగిపోయింది. వైరు పీకాడు. మళ్ళీ తగిలించాడు. మళ్ళీ దిగింది. మూడోసారి కూడా పీకి తగిలించాడు, ఆయన చూడాలని.

"నన్ను గుంపులో చేర్చింది మెకానిక్కు. చేర్చమన్నదెవరు?"

"నేనే. మా అల్లుడికి అన్నీ ఇవ్వమన్నాను." మామగారు కీబోర్డు మీది దుమ్ము వేలితో తుడిచారు. "వాడు వెళ్ళాక నీ లెక్కల ఫోను పనిచెయ్యలేదు. వాడికి ఫోన్ చేశాను. ఒకసారి బయటికి వచ్చి వెళ్ళమనండి, ఎప్పటికీ పనిచేస్తుంది అన్నాడు. లేదంటే ఈ పూటకి పెద్ద పాస్‌వర్డు కొట్టండి అని ఇంకో దారి చెప్పాడు. బయటికి వస్తే మళ్ళీ తెరుచుకోదేమోనని భయమేసింది. పాత దాని దెబ్బ తిన్నవాణ్ణి. ఈ పూటకి కదా అని రెండోదే కొట్టాను."

"ఏడాదిన్నర, మామయ్యా! ఏడాదిన్నర నన్ను గోడ చూస్తూ నిలబెట్టారు. మీ అమ్మాయి అక్కడ తాడుకి ముడులేసుకుంటోంది."

మామగారు తల ఊపారు. కాదనలేదు.

"మొదట భయమే బాబూ," అన్నారు. "నాలుగు రోజులు పోయాక భయం పోయింది. చెప్పేద్దామనే అనుకున్నాను. కౌంటరు దగ్గర కూర్చుంటే లోపలి నుంచి 'మామయ్యా, ఒకసారి' అని వినిపించేది. మీ అత్తయ్య పోయాక ఈ ఇంట్లో నన్ను ఎవరూ కేకేసి పిలవలేదు. అమ్మాయి అన్నానికి పిలుస్తుంది. అది వేరు. నాతో పనుండి, నేను రాకపోతే ఆగిపోయేట్టు పిలిచేవాడివి నువ్వొక్కడివే." ఆయన లేచి నిలబడ్డారు. "పిలిపించుకున్నాను. తప్పే."

మేస్త్రీ ఇంకా గోడవైపే తిరిగి ఉన్నాడు. ఇటు తిరగమని అతనికి చెప్పడం ఇద్దరూ మర్చిపోయారు.

అల్లుడి కోపం ఎక్కడికీ పోలేదు. కాకపోతే దాన్ని పెట్టడానికి చోటు లేకుండా పోయింది. ఆ రాత్రి భార్యకి అంతా చెబితే ఆమె ముందు తండ్రిని నాలుగు తిట్టింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత "వెళ్దాం" అంది. "ఉండిపోదామంటారేమోనని భయపడ్డాను," అంది. అతనికి ఆ ఆలోచన రాకపోలేదు. ఆ ఒక్క పిలుపు కోసం ఇక్కడే ఉండిపోవచ్చు. అప్పుడు ఏ గుంపూ, ఏ పాస్‌వర్డూ అతన్ని బయటికి తేలేవు. అందుకే శనివారం దాకా ఆగకుండా శుక్రవారమే షాపు యజమానికి మాట ఇచ్చేశాడు. మామగారు మారుమాట అనలేదు. మాట తప్పే మనిషి కాదాయన.

సోమవారం కొత్త షాపులో సొరుగులు బిగిస్తున్నారు. భార్య పైగది తలుపు వేసి, గడియ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసుకుంటోంది. ఆ చప్పుడు కిందికి వినబడుతోంది. మామగారు రెండు బస్సులు మారి, ఒళ్ళో మైనస్సు పవర్ల పెట్టె పెట్టుకుని వచ్చారు. కంప్యూటరు పెట్టడానికి వచ్చిన మెకానిక్కు, కొత్తమ్మాయి, అన్నీ అమర్చి కుర్చీలోంచి లేచింది.

"పెద్ద పాస్‌వర్డు ఒకటి పెట్టాలండీ. ఎవరు పెడతారు?"

మామగారు కౌంటరు మీద పెట్టె దించి, అరచేతులు దులుపుకున్నారు.

"అతనే," అన్నారు.

అల్లుడు కూర్చుని కీబోర్డు దగ్గరికి జరుపుకున్నాడు. వెనక ఏదో కదిలినట్టయి తిరిగి చూశాడు. మామగారు చేతులు వెనక్కి కట్టుకుని, గోడకి ఎదురుగా తిరిగి నిలబడి ఉన్నారు. ఎవరూ తిరగమనలేదు. కొత్తగా సున్నం వేసిన గోడ, దాని మీద చూడడానికి ఏ మచ్చా లేదు. ఆయన చొక్కా వీపంతా బస్సు ప్రయాణానికి నలిగి ఉంది.

అల్లుడు మళ్ళీ తెరవైపు తిరిగి మొదటి అక్షరం కొట్టబోయాడు. అప్పుడు చూసుకున్నాడు తన ఎడమచేతిని. అది ఎప్పుడు వచ్చిందో వచ్చి కీబోర్డు మీద గొడుగులా కప్పుకుని ఉంది. చప్పున తీసేశాడు. సిగ్గేసింది.

"మామయ్యా, ఇటు తిరగండి. ఫరవాలేదు."

"కొట్టు బాబూ," అన్నారు మామగారు, గోడకేసి చూస్తూనే. "నన్ను కాస్త అలవాటు పడనీ."